జీన్ థెరపీ వినతిపత్రం వెనుక ఎవరున్నారో తెలుసుకునేదెలా?

మాది తిరుపతి. మా బాబుకు తొమ్మిదేళ్లు, సివియర్ హిమోఫీలియా ఎ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు). పోయిన ఆదివారం బైరాగిపట్టెడలో మాలాంటి తల్లిదండ్రులకు అవగాహన సమావేశం పెట్టి, చివర్లో ఒక వినతిపత్రం మీద సంతకాలు అడిగారు. పైన "తల్లిదండ్రుల విన్నపం" అని పెద్ద అక్షరాలు. పిన్ను కొట్టిన రెండో పేజీలో మాత్రం జీన్ థెరపీ (జన్యువుల ద్వారా చేసే చికిత్స) ట్రయల్ నిబంధనలు సడలించాలని, ధరపై నియంత్రణ వద్దని ఉంది. ధర తగ్గించొద్దని ఏ తల్లి అడుగుతుంది? మోకాలు వాచిన ప్రతిసారీ రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 ఇంజెక్షన్ కోసం పరుగెత్తే మాకూ కొత్త వైద్యం త్వరగా రావాలనే ఉంది. కానీ ఇలా కాదు.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం జీన్ థెరపీ కొత్త మందు కిందికే వస్తుంది. ట్రయల్‌ను ముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) నమోదు చేయాలి. మూడు రాత్రులు అందులో వెతికాను. కాగితంలో మందు పేరే లేదు కాబట్టి ఏది వీళ్లదో తేలలేదు. నిర్వాహకుడికి ఫోన్ చేస్తే "పేషెంట్ల సంస్థ సార్" అంటాడు. హాలు అద్దె, భోజనాలు ఎవరిచ్చారంటే చెప్పడు. కరపత్రం మీద సంస్థ పేరుంది, రిజిస్ట్రేషన్ నంబరు లేదు.

శనివారం కాగితాలు తీసుకెళ్తారట, టెన్షన్‌గా ఉంది. సంస్థ పేరొక్కటే చేతిలో ఉన్నప్పుడు, దానికి డబ్బు ఏ కంపెనీ ఇస్తోందో ఎక్కడ చూడొచ్చు?