తప్పు చెబితే నవ్వుతారని పిల్లలు నోరు తెరవడం లేదు, ఏం చేయాలి?

లెక్కల టీచర్:
జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. క్లాసులో 34 మంది. "అర్థమైందా?" అంటే అందరూ ఒక్క గొంతుతో "అయింది సార్" అంటారు. బోర్డు దగ్గరికి రమ్మంటే మాత్రం తలలు దించేసుకుంటారు.

పోయిన వారం ఒక అబ్బాయిని బలవంతంగా లేపి 3/4 + 1/2 చేయమన్నాను. పైన 3, 1 కలిపి 4, కింద 4, 2 కలిపి 6 వేసి, 4/6 అని రాశాడు. నేను "తప్పు, వెళ్లి కూర్చో" అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ వెంటనే క్లాసంతా నవ్వింది. వాడు సుద్దముక్క అక్కడే పెట్టేసి వెళ్లాడు. అప్పటి నుంచి నా వైపు చూడటం లేదు. నేను ఎవరినీ కొట్టను, తిట్టను. అయినా నా క్లాసంటే ఎందుకింత భయం? మీలో ఎవరైనా దీన్ని మార్చగలిగి ఉంటే ఎలా చేశారో చెప్పండి.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
మాస్టారూ, ఆ 4/6 వాడు ఊరికే వేయలేదు. "ఎలా వచ్చింది నాన్నా?" అని అడిగి ఉంటే వాడే చెప్పేవాడు. 4/6 అంటే 3/4 కన్నా తక్కువ. అర కలిపితే ఉన్నది తగ్గిపోయిందేమిటని అందరూ కలిసి చూసుకుంటే, ఆ ఒక్క తప్పుతోనే పీరియడ్ మొత్తం నడిచేది. వాళ్లింట్లో ఏం పని చేస్తారో కనుక్కోండి. ముప్పావు, అర కలిపితే ఒకటింపావు అని చాలామంది పిల్లలకు తెలుసు. 3/4 అని సుద్దతో రాసేసరికి అది కొత్త లెక్క అయిపోతుంది.

ఇంకో మాట. మా బడిలో ఎఫ్ఏ పరీక్ష అయిన ప్రతిసారీ ప్రేయర్‌లో మార్కులు చదివేవాళ్లం. మొదటి ముగ్గురి పేర్లు, చివరి ముగ్గురి పేర్లు. అది పెట్టింది నేనే, మంచిదనుకునే పెట్టాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సరిగ్గా ఆ రోజుల్లోనే కడుపునొప్పి అని బడి మానేస్తోందని వాళ్ల నాయనమ్మ వచ్చి చెప్పాక ఆపేశాను. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. స్టాఫ్ రూమ్‌లో "వాడు మొద్దు" అని మనం అనుకునే మాట క్లాసులో మన మొహంలో కనబడుతుంది. మార్కులు చదవడం ఒక్కరోజులో ఆపాను కానీ ఆ మాట ఆపడానికి రెండేళ్లు పట్టింది.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను టీచర్ని కాను. మా పాప హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి. నోట్సులో కొట్టివేత కనిపిస్తే నీట్‌నెస్‌కి మార్కు తీసేస్తారు. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయి, రాత్రి పదింటికి ఏడుస్తూ పేజీ అంతా మళ్లీ రాస్తుంటే చూడలేకపోయాను. పేరెంట్స్ మీటింగ్‌లో "తప్పు మీద ఒక గీత గీసి పక్కన రాయనివ్వండి మేడం" అని అడిగాను. లెక్కల మేడం ఒక్కరే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఒక్క పుస్తకమే టెన్షన్ లేకుండా తీస్తుంది. మీ పిల్లల నోటు పుస్తకాలు కూడా ఒకసారి చూడండి సార్. ఒక్క తప్పూ కనబడకపోతే చూసి రాస్తున్నారేమో.

ఏకోపాధ్యాయ బడి టీచర్:
మా బడిలో ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 18 మంది, టీచర్ని నేనొక్కడినే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూల్ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం తయారుచేసిన మెట్ల పద్ధతి చూసి నేర్చుకున్నాను. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొడతారు. ఎవరు ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే మొదలు. పక్కవాడితో పోటీ లేదు కాబట్టి "ఇది రాలేదు సార్" అని వాళ్లే వచ్చి చెబుతారు. హైస్కూల్ పీరియడ్‌లో ఇదంతా కుదరదు. కనీసం ముందు ఇద్దరిద్దరిని మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత బోర్డు దగ్గరికి జతగా పిలవండి.

లెక్కల టీచర్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. "ఆ రోజు నిన్ను కూర్చోమనడం నాది తప్పు" అని ఆ అబ్బాయికి క్లాసులో అందరి ముందే చెప్పాను. వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుందట, ఆదివారం తూకం వాడిదే. "ముప్పావు కేజీ వంకాయలు, అరకేజీ బెండకాయలు, సంచి ఎంత బరువు?" అన్నాను. టక్కున "కేజీ పావు సార్" అన్నాడు. జతగాణ్ని తోడిచ్చి బోర్డు దగ్గరికి పంపాను. కాసేపు 1/2 వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని అరచేత్తో తుడిచి 2/4 అని రాశాడు. "అర అంటే రెండు పావులు సార్. మూడు పావులు, రెండు పావులు, ఐదు పావులు." ఎవరూ నవ్వలేదు.

సిలబస్‌లో ఒక పాఠం వెనకబడ్డాను, ఎఫ్ఏ దగ్గర పడుతోంది. ఆ భయం నాకు ఉంది. కానీ అదే పీరియడ్‌లో, ఇంతవరకు ఒక్కసారి కూడా నోరు తెరవని అమ్మాయి లేచి "అర బదులు మూడో వంతు ఇస్తే పావుల్లోకి మారదు కదా సార్, అప్పుడెలా?" అని అడిగింది. ఆ ప్రశ్నను బోర్డు మూలన రాసి, రేపటిదాకా తుడవొద్దని చెప్పి వచ్చాను.