కెనరీ దీవుల్లో మొదటి కైట్ ట్రిప్: కొత్తగా నేర్చుకున్నవాళ్లకు సొతావెంతో సరైన చోటేనా?

ఉప్పుగాలి

జూలైలో పది రోజులు నలుగురం ఆఫ్రికా తీరం దగ్గరి స్పెయిన్ దీవులైన కెనరీ దీవులకు వెళ్తున్నాం. ఇద్దరికి కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై సాగే ఆట) బాగా వచ్చు. నేను ఈమధ్యే బయల్దేరిన చోటికి తిరిగి రావడం నేర్చుకున్నాను, అదీ గాలి నిలకడగా ఉన్న రోజే. నాలుగో అమ్మాయి బోర్డు మీద లేచి ఓ యాభై మీటర్లు వెళ్తుంది, తర్వాత గాలి ఎటు తోస్తే అటే పోతుంది.

ఎవర్ని అడిగినా ఫుయెర్తెవెంతురా దీవిలోని సొతావెంతో పేరే చెప్తున్నారు. లోతు లేని సరస్సు, రోజూ గాలి, ప్రపంచ స్థాయి పోటీలు జరిగే తీరం. కానీ అక్కడి గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి వీస్తుందని ఎక్కడో చదివాను, అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. గది బుక్ చేయకముందే మీ అభిప్రాయం కావాలి.

తొమ్మిది మీటర్లు

సొతావెంతోకే వెళ్లండి. నేను మూడుసార్లు వెళ్లాను.

ఎందుకంటే, వేసవిలో అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనం బలపడుతుంది. మరోవైపు సహారా వేడెక్కి అక్కడ పీడనం పడిపోతుంది. ఆ రెంటి మధ్యా ఈశాన్య వ్యాపార పవనాలు జూన్ నుంచి ఆగస్టు దాకా దాదాపు రోజూ వీస్తాయి. ఫుయెర్తెవెంతురా దక్షిణాన హండియా ద్వీపకల్పం ఉంది. అక్కడి కొండ 807 మీటర్లు, దీవి మొత్తానికి అదే ఎత్తు. ఆ కొండలకూ మిగతా దీవికీ మధ్య సుమారు 5 కిలోమీటర్ల వెడల్పున్న పల్లపు ఇసుక నేల ఉంది. గాలి ఆ సందులోంచి దూరి, వేగం పుంజుకుని సొతావెంతో మీద పడుతుంది. పక్క తీరాల్లో 15 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ఉన్న రోజున ఇక్కడ 22, 25 చూశాను.

ఇక సరస్సు. తీరానికి సమాంతరంగా పొడవాటి ఇసుక తిన్నె ఉంటుంది. పోటు వచ్చినప్పుడు తిన్నెకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు నిండుతాయి. మోకాళ్ల నుంచి నడుం దాకా లోతు, అలలుండవు. పడితే లేచి నిలబడొచ్చు. మీ నాలుగో అమ్మాయికి ఇంతకంటే మంచి చోటు ఆ దీవుల్లో లేదు.

మూడో లైను

తొమ్మిది మీటర్లు గారు చెప్పిన గాలి లెక్కంతా నిజమే. ఆ కారణాలే చూపించి నేను వద్దంటాను.

సందులోంచి వచ్చే గాలి అంటే నేల దాటి వచ్చే గాలి. సొతావెంతో అనే మాటకు స్పానిష్‌లో అర్థమే గాలిచాటు వైపు అని. అక్కడ గాలి ఒడ్డు మీంచి ఏటవాలుగా సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు పక్కన అది ఒకే తీరున ఉండదు, ఒక క్షణం 16 నాట్లు, మరుక్షణం 26. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుందని మర్చిపోకూడదు. 20 నాట్లు 28 అయితే కైట్ లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. బార్ (కైట్‌ను నడిపే చేతికర్ర) వదలాలా లాగాలా అని ఇంకా ఆలోచించుకునే దశలో ఉన్నవాళ్లకు అది చాలా కష్టం.

నా సంగతి చెప్తాను. నేర్చుకున్న రెండో ఏడు అక్కడికే వెళ్లాను. సరస్సులో నీళ్లు లేని రోజు. పది రోజుల్లో ఒక రోజు వృథా చేయడం ఇష్టంలేక బయటి నీళ్లలోకి దిగాను. ఒడ్డుకు రెండు వందల మీటర్ల దూరంలో కైట్ పడింది, లైన్లు (కైట్ తాళ్లు) చిక్కుపడ్డాయి, మళ్లీ లేవలేదు. ఒడ్డు వైపు గాలి వీచే చోటైతే పదిహేను నిమిషాల్లో అదే నన్ను ఇసుక మీద వదిలేది. ఇక్కడ ప్రతి నిమిషం ఒడ్డు చిన్నదవుతూ వచ్చింది. ఆ దిక్కున అట్లాంటిక్ తప్ప ఇంకేమీ లేదు. రెస్క్యూ పడవ వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ నలభై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

తొమ్మిది మీటర్లు

మీకు జరిగింది చదివి బాధేసింది. కానీ అది బయటి నీళ్లలో జరిగింది. నేను చెప్తున్నది సరస్సు గురించి. సరస్సులో గాలి తోస్తే ఎక్కడికి పోతాం? ఎదురుగా ఉన్న ఇసుక తిన్నె మీదికే. అక్కడ దిగి, కైట్ సర్దుకుని, నడిచి వెనక్కి రావచ్చు. ఒడ్డు నుంచి వీచే గాలి అనే ఒక్క మాటతో ఆ సరస్సును కొట్టేయడం న్యాయం కాదు.

మూడో లైను

ఒప్పుకుంటాను, నిండుగా ఉన్న సరస్సు వేరు. మరి అది పది రోజుల్లో ఎన్ని రోజులు నిండుతుంది? పౌర్ణమికీ అమావాస్యకూ అటూ ఇటూ కొన్ని రోజులు పెద్ద పోట్లు వస్తాయి, అప్పుడు బాగా నిండుతుంది. మధ్యలో అష్టమి ప్రాంతంలో పోటు చిన్నది. ఆ రోజుల్లో అక్కడ తడి ఇసుకా, అక్కడక్కడా చీలమండలు మునిగే నీళ్లూ తప్ప ఏమీ ఉండదు. నిండిన రోజైనా సరిపడా నీళ్లు ఉండేది కొన్ని గంటలే. అందరూ చూపించే ఫోటోలు ఆ గంటల్లో తీసినవే. మిగతా సమయమంతా కొత్తవాళ్లు ఒడ్డున కూర్చుని గాలి చూస్తూ ఉంటారు, చివరికి నాలాగే బయటి నీళ్లలోకి దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఎర్రకొండ

మీరిద్దరూ ఒక్క దీవి చుట్టూనే తిరుగుతున్నారు. తెనెరిఫేలోని ఎల్ మెదానో సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఆ దీవిలో రెండేళ్లు పనిచేశాను, సెలవు రోజులన్నీ ఆ తీరంలోనే గడిపాను.

ఈ దీవులన్నీ అగ్నిపర్వతాలే అయినా ఒక్కోటి ఒక్కో తీరు. ఫుయెర్తెవెంతురా చాలా పాతది, అరిగిపోయి ఎత్తు తగ్గింది. తెనెరిఫే మధ్యలో తేయిదే 3,715 మీటర్లు, స్పెయిన్‌లో అదే ఎత్తైన శిఖరం. వ్యాపార పవనాల మీద ఒక మూతలాంటి పొర ఉంటుంది. కింద చల్లటి తేమ గాలి, పైన వెచ్చటి పొడి గాలి. వేసవిలో ఆ మూత చాలా రోజులు వెయ్యి మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కింది గాలి దాన్ని చీల్చుకుని 3,715 మీటర్ల కొండ ఎక్కి దిగలేదు, అందుకని పక్కలనుంచి చుట్టి పోతుంది. ఆగ్నేయ తీరం వెంట అలా ఒరుసుకుంటూ వచ్చే గాలి దారిలోనే ఎల్ మెదానో ఉంది. కొండకు సరిగ్గా వెనకవైపు, నైరుతి తీరానికి వెళ్తే గాలి కరువు. దీవుల వెనక మేఘాలు సుడులు తిరుగుతూ బారులు తీరడం ఉపగ్రహ చిత్రాల్లో చాలామంది చూసే ఉంటారు. అలాంటి సుడుల కింద కైట్ ఎగరేయాలని ఎవరూ అనుకోరు.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. స్పాట్ వెతికేటప్పుడు గాలి సగటు పట్టిక కంటే ముందు దీవి పటం చూడాలి. గాలి వచ్చే దిక్కున కొండ ఉందా, నేల ఉందా, నీళ్లున్నాయా? నీళ్ల మీంచి వచ్చే గాలి సాఫీగా ఉంటుంది. ఎల్ మెదానోలో అది తీరం వెంబడి వస్తూ కొంచెం ఒడ్డు వైపుకు మొగ్గుతుంది. కైట్ పడినా మనం చేరేది ఒడ్డుకే.

లోపాలూ చెప్పాలి. వేసవిలో గాలి బలంగా ఉంటుంది, నీళ్లు చిందరవందరగా ఉంటాయి. జనం ఎక్కువ, స్నానాలకు వచ్చేవాళ్లు, విండ్‌సర్ఫర్లు (తెరచాప బిగించిన బోర్డులవాళ్లు), కైట్లు, ఎవరి హద్దులు వాళ్లవి. అన్నిటికంటే ముఖ్యంగా, గాలివాలున 171 మీటర్ల మొంతాన్యా రోహా కొండ ఉంది, దాని పాదాల దగ్గర రాళ్లు. వెనక్కి రావడం చేతకానివాళ్లు అటే కొట్టుకుపోతారు. ఉప్పుగాలి గారు అక్కడ నిభాయించుకోగలరు. నాలుగో అమ్మాయి మాత్రం టీచర్ లేకుండా దిగకూడదు.

ఉప్పుగాలి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. పటం పెట్టుకుని చూస్తున్నాను. ఫుయెర్తెవెంతురా ఉత్తర కొసన కొరలెహో దగ్గర ఫ్లాగ్ బీచ్ అని కనిపిస్తోంది. అది ఈశాన్యం వైపు చూస్తోంది కదా. అంటే గాలి నీళ్ల మీంచే రావాలి. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?

తెల్లతిన్నె

సరిగ్గానే. నేను కైట్ నేర్చుకున్నది అక్కడే. గాలి పక్కనుంచి కాస్త ఒడ్డు వైపుకు వీస్తుంది. ఎదురుగా రెండు కిలోమీటర్ల దూరంలో లోబోస్ అనే చిన్న దీవి కనిపిస్తూ ఉంటుంది. వెనకంతా ఇసుక దిబ్బల రక్షిత ప్రాంతం. చుట్టూ నల్లటి లావా ఉన్నా ఇసుక ఎందుకంత తెల్లగా ఉందని మొదటిరోజే అడిగాను. అది రాతి ఇసుక కాదు, సముద్రజీవుల గుల్లలు కోట్ల కొద్దీ నలిగి ఏర్పడ్డదట. చెప్పులు లేకుండా కైట్ గాలి నింపుకునే చోటు ఎంత సుఖమో, లావా తీరంలో లైన్లు పరిచినవాళ్లకు తెలుస్తుంది. లావా అంచు తగిలితే లైన్ పోతుంది, కాలూ తెగుతుంది.

తొమ్మిది మీటర్లు

ఫ్లాగ్ బీచ్‌లో గాలి సొతావెంతో అంత ఉండదు. రెండూ ఒకే దీవిలో ఉన్నా ఒకే రోజు ఐదారు నాట్ల తేడా నేనే చూశాను. పైగా నీళ్ల కింద అక్కడక్కడా రాతి పలకలున్నాయి. పదిరోజుల కోసం అంత దూరం వెళ్లి, పెద్ద కైట్ పట్టుకుని గాలి కోసం ఎదురుచూడటం బాగుంటుందా?

తెల్లతిన్నె

ఐదారు నాట్లు తక్కువ కావడమే కొత్తవాళ్లకు మేలు. 17, 18 నాట్లు నిలకడగా ఉంటే వాళ్లు రోజుకు మూడు గంటలు నీళ్లలో ఉంటారు. 27 నాట్ల గాలి తెరలు తెరలుగా వస్తే గంటకే చేతులు పడిపోతాయి, భయం మిగులుతుంది. రాళ్ల మాట నిజం. ఆటు బాగా తీసినప్పుడు ఒడ్డున నడిచి రాళ్లెక్కడున్నాయో కళ్లారా చూసి గుర్తుపెట్టుకోవాలి, పోటు వచ్చాక దిగాలి. నేను మొదటి వారమంతా అదే చేశాను.

అలల వెంట

చలికాలంలో వెళ్లేవాళ్లు ఈ లెక్కలేవీ పట్టుకోకూడదు. అప్పుడు వ్యాపార పవనాలు తరచూ తెగుతాయి, ఉత్తర అట్లాంటిక్ తుపాన్ల అలలు వస్తాయి. నేను లాన్సరోతేలోని ఫమారాకు వెళ్లేది అందుకే. కానీ అక్కడ పెద్ద కొండ అంచు తీరాన్ని ఆనుకునే ఉంది. గాలి ఉత్తరం నుంచి వస్తే అద్భుతం, ఈశాన్యానికి తిరిగితే కొండ మీంచి దొర్లి తెరలు తెరలుగా పడుతుంది. అలాగే గ్రాన్ కనారియాలోని పొసో ఇస్కియెర్దో పేరు ఎవరైనా చెప్తే, అది రాళ్ల ఒడ్డు, విపరీతమైన గాలి, ఆరితేరిన విండ్‌సర్ఫర్ల చోటు అని గుర్తుంచుకోండి. నలుగురిలో బాగా వచ్చిన ఆ ఇద్దరైనా ఆలోచించే దిగాలి.

మూడో లైను

ఉప్పుగాలి గారూ, మీ తేదీలకు తిథి చూశారా? నేను సొతావెంతోను పూర్తిగా వద్దనట్లేదు. పౌర్ణమో అమావాస్యో మీ పది రోజుల్లో ఏదో ఒకటి పడే అవకాశం ఎక్కువ. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి ఏ రోజు ఏ గంటకు సరస్సు నిండుతుందో ముందే లెక్కేసుకోవచ్చు.

ఉప్పుగాలి

చూశాను. మా ఏడో రోజున అమావాస్య.

అందుకని ఇలా అనుకుంటున్నాం. కొరలెహోలో గది తీసుకుని మొదటి ఐదు రోజులు ఫ్లాగ్ బీచ్. నాలుగో అమ్మాయికి అక్కడే టీచర్. ఆరో రోజున దక్షిణానికి మారి, సరస్సు నిండే గంటల్లో మాత్రమే దిగుతాం. నిండని గంటల్లో నేనూ నాలుగో అమ్మాయీ బయటి నీళ్లలోకి వెళ్లం, ఆ మాట నలుగురి ముందూ అనుకున్నాం. తెనెరిఫే మాత్రం వదిలేశాను. పది రోజుల్లో రెండు దీవులంటే విమానాలకూ సామాన్లకూ రెండు రోజులు పోతాయి. ఎర్రకొండ గారు ఏమీ అనుకోవద్దు.

తొమ్మిది మీటర్లు

నేనైతే మొత్తం పది రోజులూ దక్షిణంలోనే ఉండేవాడిని, ఇప్పటికీ అదే అంటాను. గాలి లేని రోజు పోగొట్టుకున్నంత బాధ నాకు ఇంకేదీ ఉండదు. అయినా మీ నాలుగో అమ్మాయి సంగతి తల్చుకుంటే మీ ప్లాన్ ఒప్పుకోవాల్సిందే. 7 మీటర్ల కైట్ (సైజు చదరపు మీటర్లలో, గాలి బలంగా ఉంటే చిన్నది కావాలి) మర్చిపోకండి. సొతావెంతోలో జూలైలో 9 మీటర్లది సంచీలోంచి తీసే అవసరం రాని రోజులుంటాయి.

మూడో లైను

ఇంకొక్కటి. పోటు తగ్గడం మొదలవగానే సరస్సులోని నీళ్లు సముద్రంలోకే పోతాయి. లోతు ఇంకా ఉంది కదా అని చివరి అరగంట ఆడొద్దు. నలుగురిలో ఒకరు ఒడ్డున నిలబడి నీటి అంచునే చూస్తూ ఉండాలి, వాళ్లు చెయ్యెత్తగానే మిగతా ముగ్గురూ బయటికి వచ్చేయాలి.

ఉప్పుగాలి

రాసుకున్నాను. మొదటిరోజు ఒడ్డున నిలబడేది నేనే.