ఉమ్మడిగా కొన్న ఇంట్లో ఒకరు పోతే వారి వాటా ఎవరికి?

నమస్కారమండీ. మా నాన్నగారు, బాబాయి కలిసి కొన్న ఇంటి గురించి అడుగుతున్నాను. దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కానీ ఎవరి వాటా ఎంతో రాయలేదు. బాబాయి కాలం చేశారు. ఇక ఇల్లంతా నాన్నగారిదేనని బంధువులు కొందరంటున్నారు. పిన్నినీ పిల్లల్నీ తలచుకుంటే ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

చదివినంతలో నాకు అర్థమైంది ఇదీ. ఉమ్మడి యాజమాన్యంలో ఒక రకం ఉంది: ఒకరు పోతే వారి హక్కు నేరుగా బతికున్న సహ యజమానికే చేరుతుంది, వీలునామా రాసినా ఆ వాటాకు వర్తించదు. ఇంకో రకంలో ఎవరి వాటా వారిదే. అమ్ముకోవచ్చు, తర్వాత వారసులకు వెళ్తుంది. గోడ కట్టి పంచుకోకపోయినా వాటా వాటాయే. మరి దస్తావేజులో ఏమీ లేనప్పుడు మామూలుగా దేన్ని పరిగణిస్తారు? కొన్నప్పుడు ఎవరెంత డబ్బు పెట్టారో కూడా చూస్తారా?

పన్ను రసీదులు నాన్నగారి పేరునే ఉన్నాయి. పన్ను కట్టినంత మాత్రాన యాజమాన్యం రాదనే నా నమ్మకం. అయినా అందరూ వాటినే చూపిస్తున్నారు.

పిన్ని ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. ఆమెను ఖాళీ చేయమని అడిగే హక్కు ఎవరికైనా ఉంటుందా? వకీలు దగ్గరికి ఏయే కాగితాలు తీసుకెళ్లాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.