సమస్య: ద్రాక్షతోటకు నెత్తురు దాహమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. తోటకు కావలసింది నీళ్లు, నెత్తురెందుకన్నదే చిక్కు. ఒక నియమం: పూరణ బైబిల్లోని యెజెబెలు రాణి కథలోంచే రావాలి. సీదోను రాజు ఎత్బయలు కూతురు, ఇశ్రాయేలు రాజు అహాబు భార్య. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయం, రెండవ రాజుల గ్రంథం 9వ అధ్యాయం చదివి కలం పట్టండి.

గట్టుమీద కవి:
పితరు లిచ్చిన పొలమును విడువ ననిన
రైతు నాబోతుమీదను రాణి పగను
రాజముద్రల లేఖలు వ్రాసి పంపె
ద్రాక్షతోటకు నెత్తురు దాహమయ్యె

పాతకాపు: నడక హాయిగా ఉంది. రాజముద్రను పద్యంలోకి తేవడం అసలైన పట్టు, ఎందుకంటే హత్య జరిగింది ఆ ముద్రతోనే. ఒక్క మాట నప్పలేదు. నాబోతు మీద రాణికి పగేముంది? ఆ ద్రాక్షతోట పొలం అడిగింది అహాబు. కాదనిపించుకుని మంచమెక్కి ముఖం తిప్పుకున్నదీ అహాబే. రెండో పాదం చివర ‘రాణి తానె’ అనండి, యతి చెడదు, కథా చెడదు.

గట్టుమీద కవి: సవరణ శిరోధార్యం. ‘రాణి తానె’ గానే ఉంచుతాను.

మల్లెపందిరి:
అన్న మొల్లక మంచాన నలిగి పండె
రాజు, “రాజువే నీ”వని రాణి నవ్వి
రాళ్ల దెబ్బల రైతును రాలఁగొట్టె;
ద్రాక్షతోటకు నెత్తురు దాహమయ్యె!

నిర్వాహకుడు: రెండో పాదం చూసి నవ్వొచ్చిందమ్మా. ఇశ్రాయేలును ఏలుతున్నది నువ్వేనా అని ఆమె మొగుణ్ణి నిలదీసిన మాటను నాలుగు ముక్కల్లో ఇరికించారు.

పాతకాపు: బాగుంది గానీ, రాళ్లు రువ్వింది రాణి కాదు కదా. ఉపవాసం చాటించి, ఇద్దరు పనికిమాలినవాళ్లతో దేవుణ్ణీ రాజునూ దూషించాడని సాక్ష్యం చెప్పించి, ఊరవతలికి తీసుకెళ్లి కొట్టించింది ఊరి పెద్దలు.

మల్లెపందిరి: షాజహాన్ తాజ్‌మహల్ కట్టాడంటాం, రాళ్లు మోశాడనా అన్నయ్యా? మార్చను.

కొత్త గంటం:
కనుల కాటుక దిద్దుక కైపు జూపి
పతిని వలలోన బంధించి పాప మెంచు
కాంత యెజెబెలు కోరిక వలన నాఁడు
ద్రాక్షతోటకు నెత్తురు దాహమయ్యె

నిర్వాహకుడు: తమ్ముడూ, మూడో పాదంలో యతి తప్పింది. ‘కా’కు ‘వ’ కుదరదు. ‘వలన’ తీసి ‘కతన’ పెడితే చాలు.

పాతకాపు: ఛందస్సు ఒక్క మాటతో చక్కబడింది, భావానికి అంత సులువు లేదు. కాటుక ఘట్టం ఎప్పటిది? నాబోతు చచ్చి, అహాబు యుద్ధంలో చచ్చి, కొడుకు యోరాము, తిరగబడిన సేనాని యెహూ బాణానికి కూలిన తరవాత. అప్పుడామె రాజమాత. కాటుక దిద్దుకున్నది మొగుణ్ణి వలలో వేసుకోవడానికి కాదు, చంపడానికి వస్తున్నవాడికి ఎదురు నిలవడానికి. పొలం కథలో ఆమె చేతిలో ఉన్నవి ముద్ర, ఉత్తరం, దొంగ సాక్షులు. మరణశిక్షకు ఇద్దరు సాక్షులు కావాలన్న ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటించి మరీ చంపించింది. ఇంత భయంకరమైన తెలివిని వదిలేసి కైపు దగ్గర ఆగిపోతే ఎట్లా?

కొత్త గంటం: గురువుగారూ, ఆమె జారత్వం గురించి యెహూ నోటనే ఉంది కదా? అహాబును ఆమె ప్రేరేపించిందనీ ఉంది.

పాతకాపు: రెండూ ఉన్నాయి, కాదనను. అయితే అన్యదేవతల పూజను ప్రవక్తలు జారత్వమనే తిట్టేవారు. బయలు దేవుడి ప్రవక్తలు 450 మంది, అషేరా దేవత ప్రవక్తలు 400 మంది ఆమె బల్ల దగ్గర భోంచేసేవారు. యెహూ మాటను చాలామంది ఆ లెక్కలోనే చదువుతారు. ఇక ప్రేరేపణ సంగతి. చంపి స్వాధీనం చేసుకున్నావా అని ఏలీయా ప్రవక్త నిలదీసింది తోటలో అడుగుపెట్టిన అహాబును. నీ పద్యంలో అహాబు అమాయకుడైపోయాడు, నాకు నచ్చనిది అదీ.

గట్టుమీద కవి: మరో పూరణ. ఈసారి కొడుకు వైపునుంచి.
విల్లు వంచిన యా యెహూ విడిచె శవము
రాజు యోరాముదే యది రైతు చేన;
తండ్రి చేసిన యప్పును తనయుఁ డిచ్చె
ద్రాక్షతోటకు నెత్తురు దాహమయ్యె

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే నా ఓటు. మిగతావాళ్లు తోట కోసం నెత్తురు పారిందన్నారు. మీరు తోటే అడిగి తాగిందన్నారు, సమస్య అడిగింది సరిగ్గా అదే. అహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గినందుకు, దేవుడు రప్పిస్తానన్న కీడు కొడుకు కాలానికి వాయిదా పడింది. అది తెలిస్తే మూడో పాదం రుచి రెట్టింపవుతుంది.

మల్లెపందిరి: నాబోతుకు వారసులు లేరా, పొలం రాజుకెలా పోయిందని నాకో అనుమానం. యెహూ మాటల్లోనే జవాబు దొరికింది. నాబోతు నెత్తురుతో పాటు వాడి కొడుకుల నెత్తురునూ తలుచుకుంటాడు. పిల్లల్నీ చంపేశారన్నమాట! ఇది ఎవరి పద్యంలోకీ రాలేదు.

పాతకాపు: గట్టుమీద కవి గారి పద్యంలో రాణే లేదు, నియమం కాస్త సడలింది. ఆ లోటుకు సమస్య లేకుండా నాదొకటి.
చావు వాకిట నిలువగ జడియ లేదు
కనులఁ గాటుక, తలపైనఁ గట్టి నగలు
“జిమ్రివో నీవ”నుచు యెహూఁ జెనకె రాణి
బ్రతుకు వేడని యా మాట పదునె వేరు

కొత్త గంటం: జిమ్రి ఎవరండీ?

పాతకాపు: యజమానిని చంపి గద్దెనెక్కి 7 రోజులే ఏలినవాడు. వాణ్ణి ముట్టడించింది ఈమె మామ ఒమ్రీ. కిటికీలోంచి ఆ పేరు విసిరిందంటే, నీ గతీ అంతేనని. ఆ వెంటనే పరిచారకులే ఆమెను కిందికి తోసేశారు. యెహూ మాత్రం 28 ఏళ్లు ఏలాడు లెండి.