నరం అంటే సిరా, నాడా? స్లైడ్‌లో రెండూ కలిసిపోతున్నాయి

ప్రశ్న – మొదటి ఏడాది విద్యార్థిని

ఎంబీబీఎస్ మొదటి ఏడాది చదువుతున్నాను. నిన్న హిస్టాలజీ (కణజాల శాస్త్రం) స్పాటర్స్‌లో, అంటే మైక్రోస్కోప్‌లో చూపించింది ఏమిటో గుర్తుపట్టే పరీక్షలో, పాయింటర్ ఒక గుండ్రటి కట్ట మీద ఉంది. దాని నిండా చిన్న చిన్న తెల్లటి వలయాలు, ఒక్కోదాని మధ్యలో చుక్క. రక్తం నిండిన సిర అనుకుని అదే రాసేశాను. తీరా చూస్తే అది పెరిఫెరల్ నర్వ్, అంటే నాడి. పక్కనే ఉన్న అసలు సిరనేమో కణజాలం చిరిగిందనుకుని వదిలేశాను.

నరానికి ఇంజెక్షన్ అంటే సిర, నరాల జబ్బు అంటే నాడి. మన మాటలోనే రెండూ ఒకటైపోయాయి, ఇప్పుడు నా కంటికీ అలాగే ఉన్నాయి. వచ్చే వారం మళ్లీ టెస్ట్, చాలా టెన్షన్‌గా ఉంది. ధమని, సిర, నాడి పక్కపక్కనే ఉంటే మీరు ముందు ఏం చూస్తారు?

జవాబు – రెండో ఏడాది

గుండ్రంగా ఉంటే ధమని, నలిగిపోయి ఉంటే సిర, మధ్యలో ఖాళీ లేకపోతే నాడి. నేను ఇంతే గుర్తుపెట్టుకుని పాసయ్యాను.

జవాబు – హిస్టాలజీ టీచర్

అమ్మా, పై జవాబు చాలాసార్లు పనిచేస్తుంది. కానీ ఆకారాన్నే నమ్ముకుంటే మళ్లీ నిన్నటిలాగే అవుతుంది. ఏటవాలుగా తెగిన ధమని కోలగా కనిపిస్తుంది. రక్తం నిండి ఉండగా ఫిక్స్ చేసిన (రసాయనంతో ఉన్నది ఉన్నట్టు నిలిపిన) సిర గుండ్రంగానే ఉంటుంది. అందుకే నేను మా పిల్లలకు ఒకటే చెబుతాను: గోడలో ఏ పొర మందంగా ఉందో చూడండి.

మధ్యరకం ధమనిలో మందమంతా మధ్య పొరది, అంటే ట్యూనికా మీడియాది. నునుపు కండర కణాలు చుట్టూ వరస మీద వరసగా, 40 వరసల దాకా పేర్చి ఉంటాయి. సిరలో మీడియా పల్చన, బయటి పొర అడ్వెంటీషియానే దానికి మందం. లోపల పట్టి ఉంచే కండరం తక్కువ కాబట్టే అది నలిగి, నీకు చిరుగులా కనిపించింది.

ఇప్పుడు 40ఎక్స్ లెన్స్ పెట్టి ధమని లోపలి అంచుకు రా. లోపలి పూతలాంటి ఎండోథీలియం కణాల కేంద్రకాలు లోపలికి కొద్దిగా ఉబ్బి ఉంటాయి. వాటి కిందే గులాబీ రంగులో ఒక గీత, కుచ్చిళ్లు పోసినట్టు వంకరలు తిరుగుతూ వెళ్తుంది. స్లైడ్ కింద వెలుగును కూడగట్టే కండెన్సర్‌ను కాస్త దించితే ఆ గీత తళుక్కుమంటుంది. అది ఇంటర్నల్ ఎలాస్టిక్ లామినా, అంటే సాగే గుణమున్న లోపలి రేకు. కండరం బిగుసుకున్నప్పుడు దానికి చోటు చాలక అలా ముడుచుకుంది. సిరలో ఇంత స్పష్టమైన గీత దొరకదు. బృహద్ధమనిలో మాత్రం ఈ ఒక్క గీత కోసం వెతక్కు, అక్కడ మీడియా అంతా ఎలాస్టిక్ రేకులే. వెర్హాఫ్ రంగు వేస్తే అవన్నీ నల్లగా బయటపడతాయి.

ఇక నాడి. నువ్వు చూసిన ఆ తెల్లటి వలయం ఖాళీ కాదమ్మా, నాడీ తంతువు చుట్టూ తొడుగులాంటి మైలిన్ ఉన్న చోటు. మైలిన్‌లో ఎక్కువ భాగం కొవ్వు. స్లైడ్ తయారీలో వాడే ఆల్కహాల్, జైలీన్ ఆ కొవ్వును కరిగించేశాయి. మిగిలిన చుక్కే ఆక్సాన్, అంటే నాడీకణం నుంచి వచ్చే పొడవాటి పోగు. అదే నాడిని కొవ్వును నిలిపి నల్లబరిచే ఆస్మియం టెట్రాక్సైడ్‌తో తయారుచేస్తే చిత్రం తిరగబడుతుంది: వలయాలు నల్లగా, ఆక్సాన్ లేతగా. ఆ రెండు స్లైడ్లను పక్కపక్కనే పెట్టి ఒక్కసారి చూడు. ఇన్నేళ్లయినా నాకు ఆ చూపు పాతబడలేదు.

రక్తమా, నాడీ తంతువులా అన్న అనుమానం వస్తే పక్కన రక్తనాళంలో ఉన్న ఎర్ర రక్తకణాన్ని చూడు. దాని అడ్డుకొలత సుమారు 7.5 మైక్రాన్లు, అంటే స్కేలు స్లైడ్‌లోనే ఉంది. దానికి చుట్టూ తెల్లటి వలయం ఉండదు, మధ్యలో చుక్కా ఉండదు. పైగా నాడిలో ప్రతి కట్ట చుట్టూ చదునైన కణాల పొరలు గట్టి అంచు కట్టినట్టు ఉంటాయి. అది పెరీన్యూరియం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

థాంక్యూ మేడమ్. నిలువు కోతలో నాడికీ నునుపు కండరానికీ తేడా ఎలా? రెండూ గులాబీ పోగుల్లానే ఉన్నాయి.

జవాబు – హిస్టాలజీ టీచర్

కేంద్రకం ఎక్కడుందో చూడు. కండరంలో చుట్టలాంటి కేంద్రకం కణం నడిమధ్యన ఉంటుంది. నాడిలో కేంద్రకాలు ఆక్సాన్‌ పక్కన ఉంటాయి. అవి మైలిన్ చుట్టే ష్వాన్ కణాలవి, పీచు కణజాలాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులవి. ఆక్సాన్‌ సొంత కేంద్రకం అక్కడ కనిపించదు. దాని కణదేహం ఎక్కడో వెన్నుపాములోనో, గాంగ్లియాన్‌లోనో (నాడీకణాల ముడిలోనో) ఉంటుంది. నాడి పోగులన్నీ కలిసి అలలుగా కూడా వెళ్తాయి. కీలు చాచినప్పుడు తెగకుండా సాగడానికి ఆ వదులు అవసరం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇవాళ మళ్లీ చూశాను మేడమ్. గులాబీ గీత దొరికింది! కానీ నాడి కట్టల మధ్య, వాటిని కలిపి ఉంచే ఎపిన్యూరియంలో బుల్లి ధమని ఒకటి కనిపించింది. మళ్లీ పొరబడ్డానా?

జవాబు – హిస్టాలజీ టీచర్

లేదు, సరిగ్గానే చూశావు. అది వాసా నెర్వోరం, నాడికి రక్తం తెచ్చే నాళం. దాని చివరి కొమ్మలు కేశనాళికలై పెరీన్యూరియం దాటి తంతువుల మధ్యకు వెళ్తాయి. మధుమేహంలో ఆ కేశనాళికల బేస్‌మెంట్ మెంబ్రేన్ (కణాల కింద ఉండే పల్చటి పొర) మందమవుతుంది. పాదాల్లో తిమ్మిరికి అదీ ఒక కారణం. రేపు 40ఎక్స్ మీద కట్ట లోపల వెతుకు. తెల్లటి వలయాల మధ్య ఒంటరిగా ఒక ఎర్ర రక్తకణం కనిపిస్తే, దాని చుట్టూ ఉన్న సన్నటి గోడ ఆ కేశనాళికదే.