ఘనాలో రెండేళ్ళ అద్దె ముందే కట్టించుకోవడాన్ని చట్టంతో ఆపగలరా?

మదీనా_జంక్షన్:
ఘనా రాజధాని అక్రాలో గది దొరకాలంటే ఏడాది అద్దె, చాలాచోట్ల రెండేళ్ళ అద్దె ఒక్కసారే చేతిలో పెట్టాలి. హైదరాబాదులో ఖాళీ చేసేటప్పుడు తిరిగొచ్చే అడ్వాన్సు లాంటిది కాదిది, అద్దె కింద నెలనెలా చెల్లిపోయే డబ్బు. ఏడాదీ రెండేళ్ళూ ఉండేలా ఇచ్చే ఇంటికి ఆరు నెలలకు మించి ముందస్తు అడగడం నేరమని 1963 నాటి అద్దె చట్టం (220వ చట్టం) చెబుతోంది. అరవై ఏళ్ళు దాటినా బాహాటంగా అడుగుతూనే ఉన్నారు.

లెక్క చూడండి. 2025లో కనీస వేతనం రోజుకు 19.97 సెడీలు (సెడీ ఘనా కరెన్సీ). వాళ్ళ పద్ధతిలో నెలంటే 27 రోజులు, అంటే 539 సెడీల చిల్లర. ఊరి శివార్లలో కాంపౌండ్ ఇంట్లో (ఒకే వాకిలి చుట్టూ చాలా కుటుంబాలు ఉండే ఇల్లు) ఒంటి గది నెలకు 300 అనుకుందాం. రెండేళ్ళకు 7,200, ఏజెంటుకు పది శాతం చొప్పున 720, మొత్తం 7,920. పైసా ఖర్చు పెట్టకుండా దాచినా పధ్నాలుగున్నర నెలల జీతం! ఉన్న చట్టాన్ని అమలు చేయమనే నేనంటున్నాను. పేటకు నలుగురికి జరిమానా పడితే మిగతావాళ్ళు దారికొస్తారు.

ఇసుక_సిమెంటు:
జరిమానాలతో గదులు పుట్టవండీ. 2021 జనగణన తర్వాత చెప్పిన కొరతే 18 లక్షల ఇళ్ళు. అక్కడ ఇల్లు బ్యాంకు అప్పుతో లేవదు. స్థలం కొని చుట్టూ గోడ కట్టుకుంటారు. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా 50 కిలోల సిమెంటు బస్తాలు నాలుగు తెచ్చి, ఇసుక కలిపి బ్లాకులు పోయించి, నీళ్ళు పట్టి ఆరబెడతారు. గోడలు లింటెల్ (తలుపులూ కిటికీల పై మట్టం) దాకా లేచి ఏళ్ళ తరబడి అలాగే నిలబడతాయి. వాటి మీద రేకులు పడేది తొలి అద్దెదారుల ముందస్తు డబ్బుతోనే. 2023 జూలైలో కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఘనా విధాన రేటే (మిగతా వడ్డీలకు ఆధారమయ్యే రేటు) 30 శాతం. ఇక మామూలు మనిషికి అప్పు ఏ వడ్డీకి దొరుకుతుంది? ముందస్తును రేపే ఆరు నెలలకు కుదించండి, సగంలో ఆగిన ఇళ్ళు అలాగే ఉండిపోతాయి.

చట్టం_చూపు:
ఇద్దరూ అసలు చిక్కును దాటేస్తున్నారు. అమలు ఎక్కడ తెగిపోతోందో చూడాలి.

అద్దె నియంత్రణ శాఖకు ఫిర్యాదు ఇస్తే యజమానికి సమన్లు వెళ్తాయి, అద్దె అధికారి ఇద్దరినీ కూర్చోబెట్టి వింటారు, తేలకపోతే రెంట్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్తుంది. దారి ఉంది. కానీ గది కావలసినవాడు గది దొరక్కముందే ఫిర్యాదు చేస్తే ఆ గది వేరేవాళ్ళకు పోతుంది. చేరాక చేస్తే చేతిలో రుజువు ఉండదు. ఒప్పందం కాగితంలో 'ఆరు నెలలు' అని రాయించి రెండేళ్ళ డబ్బు నగదుగా పుచ్చుకుంటారు. రసీదు ఇవ్వకపోవడానికి ఇంకో కారణం పన్ను. నివాస గృహాల అద్దె మీద 8 శాతం కట్టాలి, రసీదు పుడితే ఆదాయమూ బయటపడుతుంది.

అందుకే కట్టేవాళ్ళు చేయగలిగినది ఒకటుంది. నోట్లు ఇవ్వకుండా మొబైల్ మనీలోనో బ్యాంకులోనో యజమాని పేరునే పంపాలి, ఏజెంటు పేరున కాదు. రిఫరెన్సులో గది, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది రాయాలి. చట్ట ప్రకారం యజమాని ఇవ్వాల్సిన రెంట్ కార్డు (అద్దె వివరాలు రాసే కార్డు) అడిగి తీసుకోవాలి. ఇవి ఉంటే రేపు 'నువ్వు ఏడాదికే కట్టావు, బయటికి నడు' అన్నప్పుడు నిలబడగలరు. ఖాళీ చేయించడానికి చట్టం కారణాలు చెప్పింది: అద్దె బాకీ, ఇరుగుపొరుగుకు ఇబ్బంది, యజమానికి సొంత అవసరం వగైరా. నోటిమాట చాలదు.

లెక్కల_పుస్తకం:
ద్రవ్యోల్బణాన్ని ఎవరూ తీయలేదేం? 2022 డిసెంబరులో అది 54.1 శాతం. ఆ ఏడాది మొదట్లో రెండేళ్ళది కట్టేసినవాళ్ళకు అద్దె పాత ధరకే నిలిచింది. ఆర్నెల్లకోసారి కట్టేవాళ్ళకు ప్రతిసారీ కొత్త ధర. యజమానీ నష్టపోలేదు, వచ్చిన డబ్బు అప్పుడే సిమెంటూ ఇనుమూ అయిపోయింది. దెబ్బ తిన్నది పెద్ద మొత్తం పోగుచేయలేనివాళ్ళు. కాబట్టి ఆరు నెలల పరిమితి పెట్టి, మధ్యలో పెంపు మీద అదుపు లేకపోతే పేదవాడికి ఒరిగేది సగమే.

మదీనా_జంక్షన్:
ఆ మొత్తం ఎలా పోగవుతుందో కూడా చెప్పండి. రోజూ ఇంత అని సుసు కలెక్టరుకు (రోజువారీ పొదుపు డబ్బు వసూలు చేసి దాచిపెట్టే మనిషికి) కడతారు. నెలాఖరున ఒక రోజు కట్టిన డబ్బు అతని రుసుముగా పోతుంది. ఉద్యోగం ఉంటే యాజమాన్యం దగ్గర జీతం ముందే అడుగుతారు. చాలనిది అన్నదమ్ములూ మేనమామలూ సర్దుతారు. అలా సర్దినవాళ్ళ పిల్లలు చదువుకో పనికో అక్రా వస్తే ఆ ఒంటి గదిలోనే చాప వేయాలి, కాదనడానికి నోరు రాదు. ఒంటరి ఆడపిల్లల సంగతి ఇంకా దారుణం. అద్దె కడతానన్న మగవాడి మీద ఆధారపడితే ఆ సంబంధం చెడినా బయటికి రాలేరు. ఇంత బరువును 'మార్కెట్ అంతే' అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు.

పాలీట్యాంక్:
చేరేముందు మీటరు చూడండి. ఆరు కుటుంబాలకు ఒకే ప్రీపెయిడ్ మీటరు ఉంటే, నెలకు 30 యూనిట్ల దాకా ఉన్న లైఫ్‌లైన్ చౌక ధర ఎవరికీ అందదు. వాడకం అంతా కలిసి పై శ్లాబులోకి పోతుంది. ఫ్రిజ్ ఉన్న గదీ, ఒక్క బల్బున్న గదీ సమానంగా పంచుకోవాలంటే తగువే. విడి మీటరు ఇస్తారా, ట్యాంకులోకి నీళ్ళు ఎవరు పోయిస్తారు అన్నది డబ్బు ఇవ్వకముందే కాగితం మీద పెట్టించుకోవాలి. రెండేళ్ళది ఇచ్చాక మీ మాట చెల్లదు.

చట్టం_చూపు:
2023 జనవరిలో జాతీయ అద్దె సహాయ పథకం తెచ్చారు. ముందస్తును పథకమే యజమానికి కడుతుంది, అద్దెదారు నెలనెలా తిరిగి చెల్లిస్తాడు. ఆదాయం క్రమంగా వస్తోందని చూపగలగాలి. అక్రాలోని మకోలా సంతలో బుట్ట మోసే కయాయె అమ్మాయి ఏ కాగితం చూపిస్తుంది? నా సూచన వేరు: రెంట్ కార్డు నమోదు చేసి ఆరు నెలలకు మించి తీసుకోని యజమానికి ఆ 8 శాతం పన్ను మినహాయించండి.

ఇసుక_సిమెంటు:
పన్నే కట్టనివాడికి మినహాయింపు ఆశ చూపితే ఏం కదులుతాడండీ? ఆ పథకం డబ్బును లింటెల్ దగ్గర ఆగిన ఇళ్ళకు కప్పు వేయడానికి తక్కువ వడ్డీ అప్పుగా ఇవ్వండి. షరతు ఒక్కటే, అప్పు తీరేదాకా అద్దె నెలవారీగానే తీసుకోవాలి, అదీ బ్యాంకు ఖాతా ద్వారానే.

మదీనా_జంక్షన్:
ఆ షరతుకు నేను ఒప్పుకుంటాను. కానీ కప్పు పడి, అప్పు తీరిన మర్నాడు ఆ యజమాని మళ్ళీ రెండేళ్ళది అడిగితే? 1963 చట్టం అప్పుడైనా కావాల్సిందే కదా.