ఎల్‌కేజీ పిల్లలకు ముందు పలకా, ముందు పుస్తకమా?

ఎల్‌కేజీ టీచర్, కొర్లగుంట (తిరుపతి)

నిన్న పేరెంట్స్ మీటింగ్ అయినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇక్కడ రాస్తే ఎవరైనా సూటిగా తప్పొప్పులు చెప్తారని రాస్తున్నాను.

నేను తొమ్మిదేళ్లుగా ఎల్‌కేజీకి చెప్తున్నాను. ఈ ఏడాది జూన్ నుంచి దసరా దాకా మా క్లాసులో అక్షరాలు దిద్దించలేదు. రోజూ అరగంట కథల పుస్తకం. పిల్లలు నా చుట్టూ చేరతారు. పుస్తకం వాళ్లవైపు తిప్పి పట్టుకుని, చదివే లైను కింద వేలు జరుపుతూ పోతాను. అట్ట ఏది, పేరు ఎక్కడ రాసుంది, కథ ఎక్కడ మొదలవుతుంది, లైను అయిపోతే వేలు ఎక్కడికి పోవాలి, ఇవే మా పాఠాలు. మిగతా టైములో బిస్కెట్ ప్యాకెట్లు, బస్సు టికెట్లు, పెళ్లి కార్డులు, మందుల అట్టలు ముందేసుకుని "ఇందులో ఏం రాసుంటుంది?" అని మాట్లాడుకుంటాం. ఒక్కొక్కరికి పేరు రాసిన కార్డు ఉంటుంది. పొద్దున రాగానే ఎవరిది వాళ్లు వెతుక్కుని తీగకు తగిలించాలి. అదే మా హాజరు.

మీటింగులో ఒక తల్లి లేచి, "పక్క వీధి స్కూల్లో మా అక్క కూతురు అ నుంచి అః దాకా, ఏ నుంచి జెడ్ దాకా రాసేస్తోంది. మావాడికి అ కూడా రాదు. ఫీజు కట్టేది కథలకా?" అనింది. ఇంకో నలుగురు అవునన్నారు. నేను నోరు తెరిచేలోపే కరెస్పాండెంట్ గారు వచ్చే వారం నుంచి నాలుగు గీతల పుస్తకం మొదలుపెట్టమన్నారు.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం ఎలా కుదిరిందో చెప్తాను. జూలైలో ఒక కథ చదువుతూ మధ్యలో ఆపి, అరచెయ్యి పెట్టి బొమ్మను కప్పేశాను. "ఇప్పుడు నేను చదవగలనా?" అని అడిగితే ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మంది చదవలేవన్నారు. ఈసారి బొమ్మ వదిలేసి రాత మీద చెయ్యి పెట్టాను. "ఇప్పుడు?" "చదవొచ్చు మేడం!" అంటే వాళ్ల లెక్కలో కథ బొమ్మలో ఉంది. నేను బొమ్మ చూసి చెప్తున్నాననుకుంటున్నారు. అలాంటి పిల్లాడితో అ ముప్పై సార్లు దిద్దించామనుకోండి, వాడికి అదేంటి? ముగ్గు లాంటిదే. సెప్టెంబరులో మళ్లీ అదే ఆట ఆడితే ఒక పాప లేచొచ్చి, నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి, "బొమ్మ లేకపోయినా పర్లేదు మేడం, నల్లవి కనపడాల" అనింది. అక్షరాలకు ఆ పాప పెట్టుకున్న పేరు 'నల్లవి'.

దిద్దించడానికి ముందు ఇదంతా నేర్పడం పిల్లల టైము పాడుచేయడమేనా? చెప్పండి.

చిత్తూరు నాన్న

మేడం, మిమ్మల్ని తప్పు పట్టాలని కాదు. కానీ ఆ తల్లి అడిగింది న్యాయమే.

నాది చిన్న ఎలక్ట్రికల్ షాపు. పోయినేడు మా పెద్దపాపను ఒకటో తరగతిలో చేర్చేదానికి ఒక పెద్ద స్కూలుకు పోతే ఆఫీసు రూములో కూర్చోబెట్టి పేపరు, పెన్సిలు చేతికిచ్చినారు. నన్ను బయట నిలబడమన్నారు. అద్దంలోంచి చూస్తా ఉండాను. పాప పేరు రాసింది, నాలుగు ఇంగ్లీషు మాటలు రాసింది, తెలుగు గుణింతం కాడ ఆగిపోయింది. పెన్సిలు అంచు నోట్లో పెట్టుకుని నాకేసి చూసింది. సీటు లేదన్నారు. ఆటోలో వస్తా "నాన్నా, నేను ఫెయిలా?" అని అడిగింది. ఆరేళ్ల బిడ్డ మేడం.

అందుకే చిన్నోడితో రాత్రిపూట నేనే కూర్చుని రాపిస్తా ఉండా. కథలు మంచివే, కాదని ఎవురన్నారు? కథలు మా అమ్మ చెప్తుంది. స్కూలుకు పంపించేది రాత నేర్చుకునేదానికి. మేమంతా పలక మీద దిద్దే పైకొచ్చినాం. మాకు బస్సు టికెట్లు చూపించి ఎవురూ చదువు చెప్పలేదు.

రిటైర్డ్ మాస్టారు, చంద్రగిరి

నాయనా, ముందు మీ పాప సంగతి. ఒకటో తరగతి అడ్మిషన్‌కు బిడ్డను అలా కూర్చోబెట్టి పరీక్ష పెట్టడమే తప్పు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చదవండి. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి ఎంపిక చేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఫెయిల్ అయింది మీ పాప కాదు, ఆ మాట పాపకు మీరు చెప్పండి. చిన్నవాడి మీద కూడా ఆ భయం పెట్టుకుని రాత్రులు రాయించవద్దు. నిపుణ్ భారత్ అని 2021లో కేంద్రం మొదలుపెట్టింది కదా, దాని గురి కూడా మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలనే. ఎల్‌కేజీలో దసరాకు గుణింతాలు అయిపోవాలని ఎవరూ అడగలేదు.

ఇక టీచరమ్మా, దిద్దడాన్ని ముగ్గుతో పోల్చడం నాకు నచ్చలేదు. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకుని 'ఓం నమః శివాయ, సిద్ధం నమః' అని రాయిస్తారు. ఓనమాలు అన్న మాటే అక్కడి నుంచి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి వసారాలో ఇసుక పోసి ఉండేది. వేలికి ఇసుక గరుగ్గా తగులుతుంటే నోటితో 'అ' అనిపించేవాళ్లం. చెయ్యి, కన్ను, చెవి మూడూ ఒకేసారి పనిచేసేవి. నాలుగేళ్ల పిల్లల చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల మధ్య ఇరికించి రాయించడం దిద్దడం కాదు. ఆ వేళ్లకు ఇంకా ఆ పట్టు రాదు. దిద్దడం వేరు, కాపీ రాయించడం వేరు. మీ ఇద్దరూ ఆ రెండిటినీ ఒకటే అనుకుని వాదించుకుంటున్నారు.

ఇంకో మాట. 'మాకెవరూ చూపించలేదు' అన్నారు చిత్తూరు ఆయన. చూపించారు నాయనా, మీకు గుర్తు లేదు. ఇంట్లో తాత రామాయణం చదువుతుంటే ఒళ్లో కూర్చున్నది మనమే. ఊళ్లోకి జాబు వస్తే చదువొచ్చినవాడి చుట్టూ చేరి చదివించుకునేవాళ్లు. వాడు జాబు చూసి చదువుతుంటే అవతల తల్లి కళ్లు తుడుచుకునేది. ఆ కాగితం మాట్లాడుతుందని పక్కన నిలబడ్డ పిల్లవాడికి అప్పుడే తెలిసిపోయేది. ఇప్పుడు ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోనే. నాన్న ఫోనులో చదువుతున్నాడో బొమ్మలు చూస్తున్నాడో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? ఇల్లు చేసే పని ఇప్పుడు బడి మీద పడింది. అందుకే టీచరమ్మ చేస్తున్నది అవసరమే అంటాను, పలక వద్దంటే మాత్రం ఒప్పుకోను.

ఎడ్యుకేషన్ విద్యార్థిని, తిరుపతి

మేడం ఆడించిన చెయ్యి ఆట చదివి సంతోషం వేసింది. ఇంచుమించు ఇలాంటి పనే న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే పరిశోధకురాలు చేశారు. 1972లో ఆవిడ ఒక చిన్న పుస్తకం తయారుచేశారు. అందులో కొన్నిచోట్ల బొమ్మ తలకిందులుగా ఉంటుంది, కొన్నిచోట్ల లైన్లు, మాటలు తారుమారుగా ఉంటాయి. టీచరు పుస్తకం బిడ్డ చేతికిచ్చి, ఎక్కడి నుంచి చదవాలి, తర్వాత ఎటు పోవాలి అని అడుగుతూ చదువుతుంది. ఇంకా చదవడం రాని బిడ్డకు రాత గురించి ఎంత తెలుసో అలా బయటపడుతుంది.

అర్జెంటీనాకు చెందిన పరిశోధకురాలు ఎమీలియా ఫెరీరో ఇంకొకటి గమనించారు. పెద్ద వస్తువుకు పేరు కూడా పొడుగ్గా రాసి ఉండాలని చాలామంది చిన్నపిల్లలు అనుకుంటారట. మా పక్కింటి నాలుగేళ్ల బాబుతో నేనూ చేసి చూశాను. ఒక కార్డు మీద 'రైలు', ఇంకో కార్డు మీద 'సీతాకోకచిలుక' అని రాసి, రైలు ఏదో చెప్పమన్నాను. ఆలోచించకుండా పొడుగు కార్డు పట్టుకున్నాడు. "రైలుకు ఇన్ని పెట్టెలు ఉంటాయి కదా" అని ఏడక్షరాలూ వేలితో చూపించాడు. వాడికి అక్షరాలన్నీ చెప్పేసి ఉన్నా ఈ సందేహం తీరేది కాదు. రాసేది నోటిమాటను గానీ వస్తువును కాదని వాడికి ఎవరో ఒకరు తెలియజెప్పాలి.

లైను కింద వేలు పెట్టడం చిన్న సంగతి కాదు. కెనడాలో ఎవాన్స్, సాంట్-ఓబాన్ అనే ఇద్దరు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కథ చదివి వినిపిస్తున్నప్పుడు పిల్లల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కొలిచారు. దాదాపు అంతసేపూ బొమ్మల మీదే ఉన్నాయి. ఊరికే కథ చదివితే రాత కంట్లో పడదు. వేలు పెట్టి చూపిస్తేనే పడుతుంది.

అయినా నేను పూర్తిగా మేడం పక్షం కాదు. అమెరికాలో 2008లో నేషనల్ ఎర్లీ లిటరసీ ప్యానెల్ అనే నిపుణుల బృందం అంతకుముందు పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసింది. రేపు బిడ్డ ఎలా చదువుతుందో ముందే పట్టిచ్చే గట్టి గుర్తుల్లో అక్షరాలు తెలిసి ఉండటం, మాటలోని శబ్దాలను విడదీయగలగడం కూడా ఉన్నాయి. పుస్తకం పట్టుకోవడం ఒక్కటే వస్తే చదువు రాదు. పైగా మన లిపి సంగతి వేరు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మనకు హల్లులు, గుణింతాలు కలిపితేనే నాలుగు వందల పైచిలుకు ఆకారాలు, ఆపైన ఒత్తులు. మన లిపికి తోబుట్టువు లాంటి కన్నడ మీద సోనాలీ నాగ్ 2007లో చేసిన పరిశోధనలో, పిల్లలకు అక్షరాలన్నీ పట్టుబడటం మూడు, నాలుగు తరగతుల దాకా సాగుతుందని తేలింది. అంత దూరం నడవాల్సిన దారిలో దసరా దాకా మొదటి అడుగే వేయకపోవడం నాకు సబబు అనిపించడం లేదు. కథతో పాటే నాలుగు అక్షరాలు చూపించి ఉండాల్సింది.

అంగన్‌వాడీ అక్క, పలమనేరు వైపు

అందరూ పుస్తకం పుస్తకం అంటా ఉండారు. మా సెంటర్లో కథల పుస్తకాలు ఆరు ఉండాయి, అందులో రెండింటికి అట్టల్లేవు. అయినా ఒక సంగతి చెప్తాను, తప్పు నాదే.

పోయినేడు ఒక అబ్బోడు వచ్చినాడు, నాలుగేళ్లోడు. పుస్తకం ఇస్తే చాలు, వెనక అట్ట కాడ తెరిచేవాడు. వేలు కుడి నుంచి ఎడమకు జరిపేవాడు. నేను రెండుసార్లు పుస్తకం లాక్కుని తిప్పి ఇచ్చినాను. మూడోసారి కొంచెం గట్టిగానే అన్నాను, వాడు పుస్తకం పట్టుకోవడమే మానేసినాడు. ఒకరోజు వాళ్ల నాయనమ్మ వాణ్ని తీసకపోయేదానికి వచ్చి చెప్పింది, ఇంట్లో సాయంత్రం అరబ్బీ ఖాయిదా, అంటే అరబ్బీ అక్షరాలు నేర్చుకునే పుస్తకం, చదివిస్తా ఉండామని. అది కుడి నుంచే కదా చదివేది, పుస్తకం కూడా ఆ పక్కనుంచే తెరిచేది. ఆ బిడ్డకు పుస్తకం ఎట్ల పట్టుకోవాల్నో తెలియక కాదు, మా అందరికంటే ముందే తెలుసు. నాకు తెలియలే. మరుసటి రోజు వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మీ ఇంటి పుస్తకం ఇట్ల పోతుంది, ఈ పుస్తకం అట్ల పోతుంది" అని వేలు పెట్టి రెండూ చూపించినా. వాడు నవ్వినాడు. ఆ తర్వాత వేరే పిలకాయలకు వాడే చూపించేవాడు.

మా వైపు ఇండ్లల్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ ఉండాయి. తమిళంలో 'ఏ' గుర్తు అక్షరానికి ఎడమపక్క ముందొస్తుంది, మనకు తల మీదొస్తుంది. పిలకాయలు ఇవన్నీ బోర్డుల మీద చూస్తానే ఉంటారు. ఏ బిడ్డ ఏం తెలుసుకుని వచ్చిందో కనుక్కోకుండా పలక చేతికిస్తే నేను చేసినట్టే అవుతుంది. పుస్తకాలు లేకపోతే పప్పు కవరు, పాల ప్యాకెట్టు చాలు టీచరమ్మా. మీరు మానుకోవద్దు.

ఎల్‌కేజీ టీచర్, కొర్లగుంట (తిరుపతి)

మాస్టారూ, ముగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాపీ రాయించడం మీద కోపం దిద్దడం మీద చూపించాను. విద్యార్థిని గారు చెప్పింది కూడా ఆలోచిస్తే నిజమే. పక్క స్కూలు మీద పంతంతో అక్షరాలనే దూరం పెట్టినట్టున్నాను.

కానీ ఒకటి గమనించాను, అది మన భాషలోనే సాధ్యం అనుకుంటాను. ఇంగ్లీషు పుస్తకం చదివేటప్పుడు మాటకొక వేలు పెట్టమని ట్రైనింగులో చెప్పారు. తెలుగులో అలా చేస్తే పిల్లలు తికమకపడ్డారు. 'కోతి చెట్టెక్కింది' అని ఉంది. రెండే మాటలు. 'చెట్టు ఎక్కింది' కలిసిపోయింది కదా. మా పాప ఒకతి తనంతట తానే కో-తి-చె-ట్టె-క్కిం-ది అని ఆరుసార్లు వేలు ఆనించింది. చూస్తే అక్కడ ఉన్నవీ ఆరే. నోట్లో ఒక్కో దెబ్బకు కాగితం మీద ఒక్కో అక్షరం సరిపోయింది. ఆ పాప కళ్లు పెద్దవయ్యాయి. ఇంకోసారి, ఇంకోసారి అని నాలుగుసార్లు చదివించుకుంది. ఇంగ్లీషులో 'మంకీ' అంటే నోట్లో రెండు దెబ్బలు, కాగితం మీద ఆరు అక్షరాలు. అక్కడ ఈ లెక్క కుదరదు. మన పిల్లలకు పుస్తకం నుంచి అక్షరానికి పోయే దారి చాలా దగ్గర. ఒత్తు కింద ఎందుకు కూర్చుందని 'ట్టె' చూపించి అడిగింది కూడా ఆ పాపే. నేను చెప్పకముందే అడిగింది.

సోమవారం కరెస్పాండెంట్ గారితో మాట్లాడతాను. పెన్సిల్, నాలుగు గీతల పుస్తకం యూకేజీ దాకా ఆపమని అడుగుతాను. బదులుగా రోజూ ఇసుక పళ్లెంలో ఒక అక్షరం, అదీ ఆ రోజు కథలోంచి, లేకపోతే ఎవరో ఒకరి పేరులోంచి. తల్లిదండ్రుల్ని శనివారం అరగంట క్లాసులో కూర్చోమంటాను, చెయ్యి ఆట వాళ్ల ముందే ఆడిస్తాను. ఒప్పుకోకపోతే ఏం చేయాలో ఇంకా తెలియదు.

చిత్తూరు నాన్న

మాస్టారూ, ఆ సెక్షన్ నంబరు రాసి పెట్టుకున్నా. పాపకు కూడా చెప్పినా, నువ్వు ఫెయిల్ కాదని. ఏం మాట్లాడలే, వచ్చి పక్కన కూర్చునింది.

మేడం, రాత్రి చిన్నోడితో మీ ఆట ఆడినా. ఇంట్లో కథల పుస్తకం లేదు, గోడకున్న క్యాలెండరు తీసినా. వెంకటేశ్వరస్వామి పటం మీద చెయ్యి పెట్టి "ఇప్పుడు చదవగలనా?" అంటే, "చెయ్యి తియ్ నాన్నా, స్వామిని మూస్తే ఎట్ల చదువుతావు?" అన్నాడు. వాడికి అ నుంచి అః దాకా రాసేది వచ్చు మేడం. రెండు నెలలుగా నేనే రాపించినా. చూడకుండా రాస్తాడు.

చాలాసేపు ఆ క్యాలెండరు పట్టుకుని కూర్చున్నా.

రాత్రిపూట రాపించేది పూర్తిగా మానను, ఆ ధైర్యం నాకు లేదు. సగం టైము తగ్గిస్తా. ఆదివారం తిరపతికి వస్తా ఉండాం, బస్టాండులో బోర్డులు చూపిస్తా. నాలుగేళ్లోడికి పనికొచ్చే పుస్తకాలు, పెద్ద అక్షరాలవి, లైను కింద వేలు పెట్టేదానికి జాగా ఉండేవి, యాడ దొరుకుతాయో చెప్పండి. రెండు కొంటా.